పంకా పాటలు

పోయిన నెల మా అన్న గంగాధర్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చాడంటే చూడడానికి వెళ్ళాను. ఇద్దరం కరీంనగర్‌లోనే ఉంటాం గానీ పెళ్ళికో చావుకో తప్ప కలుసుకోం. హాల్లో దివాను మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు నవీన్ తన స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి ఉన్నాడు. కొత్తగా రికార్డు ప్లేయరు కొన్నాడట. నల్లటి పళ్ళేన్ని అంచులు మాత్రమే పట్టుకుని కవరులోంచి తీస్తూ, "అత్తమ్మా, గిది నువ్వు వినాలె. నువ్వు చిన్నగున్నప్పటి ఆల్బమ్. ఫంక్, సైకెడెలిక్ రాక్ రెండు కలిపి చేసిండ్రు. ప్రపంచమంత క్లాసిక్ అంటరు" అన్నాడు. నేను తలూపి ఊరుకున్నాను. రిటైరైన తెలుగు టీచర్ని, ఆ మాటలు నాకేం తెలుస్తాయి? సూది రికార్డుకు ఆనింది. కాసేపు చిటపటమని చప్పుడు. ఆ తర్వాత కింద ఎక్కడో ఒక బరువైన తీగ మోగింది. గొంతు ఇంకా మొదలు కానే లేదు. అయినా ఆ పాట ఏదో నాకు తెలిసిపోయింది.

నేను అడగకుండానే మా అన్న అందుకున్నాడు. "మీకు గీ పాటలు ఇప్పుడు దొర్కినయ్. నేను మస్కట్ నుంచి గప్పుడే తెచ్చిన. మా ఊర్లె సగం ఇండ్లల్ల రేడియో గూడ లేకుండె. మా చెల్లె రాజవ్వయితే గీ పాట వెడ్తె ఎగురుడే ఎగురుడు! బీడీల చాట అవుతల వారేసి, జుట్టు ఇడ్సుకోని, గిట్ల..." అని కూర్చున్నచోటే తల ఊపి, కళ్ళు మూసి, చేతులు తిప్పి చూపించాడు. పిల్లలంతా నవ్వారు. ఒక అమ్మాయి, "సో క్యూట్ అంకుల్! ఇప్పుడెక్కడున్నారు ఆమె?" అనడిగింది. "ఆదిలాబాద్ దిక్కు ఉంటది. హాస్టల్ల పనిజేసి రిటైరయింది. మంచిగనే ఉన్నది" అన్నాడు అన్న. టీ సగం వదిలేసి, ఇంట్లో పనుందని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి ఏ పని చేస్తున్నా మా రాజక్క గురించిన ఆ "మంచిగనే ఉన్నది" అన్న మాట చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

మా ఊరు జగిత్యాల నుంచి ధర్మపురి పోయే దారిలో ఉంటుంది. కొద్దిపాటి పొలం, దాని మీద బాపు కష్టం, ఇంట్లో ఆడవాళ్ళ బీడీలు, వాటితోనే మా బతుకు గడిచేది. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్ళం. నా బాల్యానికి ఒక వాసన ఉందంటే అది తంబాకు వాసనే. అన్నంలో, చద్దర్లలో, నా లెక్కల పుస్తకంలో, అవ్వ కొంగులో, అన్నిటిలో అదే. ముందురోజు నానబెట్టిన తునికాకును తడి గోనెలో చుట్టి ఉంచేవాళ్ళు. తెల్లారి అవ్వ, రాజక్క కత్తెరలతో ఆకు కత్తిరిస్తుంటే కరకరమనే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. వంటలు అయ్యాక వాడకట్టు ఆడవాళ్ళు తలా ఒక చాట ఒళ్ళో పెట్టుకుని మా అర్రలో చేరేవాళ్ళు. అవ్వ తన చేతుల వంక ఎప్పుడూ చూసేది కాదు. ఊరందరి ముచ్చట్లూ చెబుతూనే ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచేసేది. వంకర వచ్చిన బీడీలు బాపు కోసం పక్కన పెట్టేది. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడగకముందే అందులో ఒకటి ముట్టించి అరుగు మీద కూర్చునేవాడు బాపు. మెత్తని మనిషి. ఇంట్లో ఏ వాదన వచ్చినా, చివర మాట్లాడిన వాళ్ళ మాటకు తలూపేవాడు. దాన్ని మేము మంచితనం అనుకునేవాళ్ళం.

రాజక్కను గోదావరి అవతలి ఊరికి ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే, ఒక ఎండాకాలం పొద్దున, ఎండిన గోదావరి ఇసుకలో నడిచి ఒక్కతే వచ్చేసింది. వీపు మీద వాతలు నేను చూశాను. అవ్వ వాటికి నూనె రాస్తుంటే, "ఇగ పోను" అంది. ఆ ఒక్క మాటే. అవ్వ ఏడ్చింది, బాపు తలూపాడు, అక్క మర్నాటి నుంచి చాట ఒళ్ళో పెట్టుకుంది. మా వాడకట్టులో అంత నున్నగా బీడీ చుట్టేవాళ్ళు ఇంకొకరు లేరు. కానీ మాట పోయింది. ఆకలా అంటే ఊ, నిద్రా అంటే ఊ. ఏదీ తనంతట తానుగా అడిగేది కాదు.

అలాంటి రోజుల్లో అన్న మస్కట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చాడు. సెంటు వాసన కొట్టే పెట్టెలోంచి రెండు స్పీకర్ల టూ-ఇన్-వన్ తీసి గూట్లో పెట్టాడు. దాంతోపాటు సినిమా పాటల క్యాసెట్లు, మరొకటి వేరేది. "మా రూముల సూడాన్ దేశపాయన ఉండె. ఇంటికి వోతు వోతు యాదికుంచుకొమ్మని ఇచ్చిండు" అన్నాడు. అన్న మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయాక సినిమా క్యాసెట్లను చుట్టాలు అడిగి పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదు. దీన్ని ఎవరూ అడగలేదు. అందుకే అది మాకు మిగిలింది. దాని మీద అరబ్బీ అక్షరాల్లో ఏదో రాసి ఉంది. మాతో కూర్చుని బీడీలు చుట్టే హమీదక్క ఖురాను చదువుకున్న మనిషి. క్యాసెట్ వెలుతురుకు పట్టుకుని, "ఫే... నూన్... కాఫ్... అరే, ఫంకా! ఫంకా అని రాసిండ్రు" అంది.

"పంకా మీద పాట పాడుతరానె ఎవలన్న?" అంది అవ్వ.

"గాడ ఎండలు గట్లుంటయ్ మరి, వదినె" అంది హమీదక్క. అర్రంతా నవ్వు. మా ఇంట్లో పంకా లేదు, చాలా ఏళ్ళ దాకా రాలేదు. అయినా ఆ రోజు నుంచి అవి పంకా పాటలయ్యాయి.

మొదటిసారి పెట్టినప్పుడు, "గిదేం పాట? కడుపునొప్పి లేసినట్టు మొత్తుకుంటుండు" అంది అవ్వ. నిజంగానే అది మేమెరిగిన పాటల్లాంటిది కాదు. కింద ఒక లావు తీగ, మోకాలి లోతు బురదలో ఎద్దు అడుగులు వేసినట్టు ఆగి ఆగి నడిచేది. దాని మీద డ్రమ్ములు. ఆడవాళ్ళు గుంపుగా ఏదో అడిగేవాళ్ళు, ఒక మగ గొంతు జవాబు చెప్పేది, మధ్యలో ఎవరో పకపకా నవ్వేవాళ్ళు. రెండో వైపు మాటలు చాలా తక్కువ. ఒక్క గిటారు లేచి, సాగి, మెలితిరిగి, ఈ స్పీకరులోంచి ఆ స్పీకరులోకి పోయి మళ్ళీ వచ్చేది. అది గిటారని కూడా మాకు తెలియదు. కరెంటు పోతే సెల్లులు వేసేవాళ్ళం. సెల్లులు అయిపోవస్తే పాట నీరసపడి, గొంతు బరువెక్కి, ముసలివాళ్ళు పాడినట్టుండేది. వాటిని ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళం. బీడీలు చుట్టే చేతులకు ఆ ఎద్దునడక తెలియకుండానే పట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే అన్ని చేతులూ ఒకేసారి దారం లాగేవి.

ఒక మధ్యాహ్నం రాజక్క తలెత్తి, "పంకా వెట్టు" అంది. నేను పుస్తకం పక్కన పడేసి వెళ్ళి పెట్టాను. తిరిగొచ్చినప్పటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అదే. తర్వాత రోజూ అడిగేది. గిన్నెలు తోముతూ ఆ లావు తీగను ముక్కుతో పాడేది. ఇంకొన్నాళ్ళకు, బయట వాన పడుతున్న ఒక రోజు, రెండో వైపు గిటారు మొదలవగానే చాట పక్కన పెట్టి లేచింది. కళ్ళు మూసుకుని ముందు నిలబడింది, తర్వాత ఊగింది, తర్వాత ఆడింది. ఎవరి దగ్గరా నేర్చుకున్న ఆట కాదది. బతుకమ్మ చుట్టూ తిరిగే అడుగు అందులో ఉంది, పొలంలో నాటుకు వంగే వంపు ఉంది, ఇంకా ఏవో పేరు లేనివి ఉన్నాయి. ముడి ఊడి జుట్టు వీపు మీద పడింది. పాట ఆగాక కళ్ళు తెరిచి, మమ్మల్ని చూసి, సిగ్గుపడి నవ్వింది. హమీదక్క చప్పట్లు కొట్టింది. అవ్వ కళ్ళు తుడుచుకుని, "నవ్వింది నా బిడ్డ. ఆడనియ్" అంది. ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు అక్క ఆడింది. ఆ రోజుల్లో మా ఇంట్లో దాన్ని ఎవరూ జబ్బనలేదు. ఆమె ఆకలేసి తింటోంది, నాతో పోట్లాడుతోంది, వాడకట్టు ముచ్చట్లకు నవ్వుతోంది. జబ్బు ఏదన్నా ఉండి ఉంటే అది తగ్గిన రోజులవి.

అన్న రెండోసారి వచ్చింది తన పెళ్ళి కోసం. సంబంధం దాదాపు కుదిరింది. పిల్ల తరఫువాళ్ళు మా ఇల్లు చూసుకోవడానికి సాయంత్రం వస్తామని చెప్పి, బస్సు దొరికిందని మధ్యాహ్నమే దిగారు. దారిలో ఎదురైన అన్నే వాళ్ళను తీసుకుని లోపలికి వచ్చాడు. అర్రలో రెండో వైపు మోగుతోంది. రాజక్క కళ్ళు మూసుకుని, జుట్టు విరబోసుకుని ఆడుతోంది. వచ్చిన వాళ్ళలో పిల్ల నాయనమ్మ గడపలోనే ఆగిపోయి రెండు చేతులూ జోడించింది. "ఏ తల్లివమ్మా? ఎల్లమ్మవా, పోచమ్మవా?"

అక్క కళ్ళు తెరిచింది. హమీదక్క గబుక్కున బటన్ నొక్కి పాట ఆపింది. ఆ క్షణంలో ఎవరైనా నవ్వి ఉంటే అంతటితో పోయేది. మా అన్న ముఖం పాలిపోయింది. పెళ్ళివారి ముఖాలు చూశాడు, అక్కను చూశాడు. "తల్లి గాదు పెద్దమ్మా. మా చెల్లెకు జర గాలి సోకింది. గందుకే అత్తగారింట్ల ఉండలేకపోయింది. కొండగట్టుకు తోల్కపోతున్నం, అంత మాట్లాడుకున్నం" అన్నాడు.

"ఎవలికి సోకింది?" అంది రాజక్క.

"అరే, పాట వింటుంది గంతే" అని హమీదక్క లేచింది.

"నువ్వు ఊకో హమీదక్కా. మా ఇంటి ముచ్చట గిది."

అవ్వ నోరు తెరిచి, అన్న ముఖం చూసి, మూసుకుంది. ఆ నాయనమ్మ మంచి మనిషే. అక్క తల నిమిరి, "తోల్కపోండ్రి, మంచిగయితది. గాని లగ్గం కాడ మాత్రం ఉంచకుండ్రి. కొత్తపిల్ల భయపడ్తది" అంది. బాపు తలూపాడు. గడపలో నిలబడి సిగ్గు కాపాడుకోవడానికి అన్న ఆడిన అబద్ధం, ఆ తలూపుతో మా ఇంటి నిజమైపోయింది.

గాలి సోకిందన్నవాళ్ళను తెచ్చి స్వామి ముందు పెట్టే కొండగట్టు మీద అవ్వ ఆమెను పెట్టుకుని ఒక సత్రపు వసారాలో ఉంది. నేను బాపుతో కలిసి సద్ది కట్టుకుని వెళ్ళేదాన్ని. అక్కడ నిజంగా మనసు చెదిరినవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళను కనిపెట్టుకుని, తిండి మానేసి, స్వామి మీద భారం వేసి తిరిగే తల్లులు ఉండేవాళ్ళు. వాళ్ళ బాధ చూస్తే నాకు ఏడుపొచ్చేది. వాళ్ళ మధ్య రాజక్క తడి చీరతో గుడి చుట్టూ తిరిగేది. ఎదురు చెప్పలేదు. నేను వెళ్ళినప్పుడల్లా, కోతులు లాక్కోకుండా నా సంచిని ఒళ్ళో దాచేది. మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్మే ముసలామె అక్కను రోజూ చూసింది కాబోలు, ఒకరోజు బాపును పిలిచి, "గీ పిల్లకేం లేదయ్యా. నీకంటె నాకంటె మంచిగున్నది. ఇంటికి తోల్కపో" అంది.

బాపు తల దించుకుని, "లగ్గం కానియ్ అవ్వా. అయినంక తోల్కపోత" అన్నాడు.

కొంగు పిండుకుంటూ అక్క మా వెనకే నిలబడి ఉంది. విన్నది. కొంగు పిండడం ఆపలేదు. "లగ్గం ఎన్నడు బాపు?" అనడిగింది. బాపు చెప్పాడు. "సుజాతకు కొత్త బట్టలు కుట్టిచ్చిండ్రా మరి?" అంది. ఆ రోజు దిగి వస్తుంటే బాపు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం సులువని నాకు అప్పుడు తెలిసింది. నా కొత్త బట్టలు నెమలికంఠం రంగువి. పెళ్ళిలో అందరూ బాగున్నాయన్నారు. పెద్దాడపడుచు ఏదని ఎవరో అడిగితే, ఒంట్లో బాగాలేదని జవాబు చెప్పారు. అడిగిన వాళ్ళు ఇంకో లడ్డూ వేయించుకున్నారు.

పెళ్ళయ్యాక ఆమెను తీసుకొచ్చారు. అందరూ మెత్తగా మాట్లాడారు, చంటిపిల్లతో మాట్లాడినట్టు. మర్నాడు పొద్దున అక్క కత్తెర కోసం చెయ్యి చాపితే, అవ్వ దాన్ని తన కాలి కిందికి జరుపుకుంది. "నువ్వు చుట్టు బిడ్డా, కత్తిరించుడు నేను జేస్త." అక్క అవ్వ వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. వాడకట్టు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వేరే అర్రలకు మారిపోయారు, ఒక్క హమీదక్క తప్ప. క్యాసెట్ అప్పటికే లేదు. దాంట్లోనే ఏదో ఉందని ఎవరో అంటే అవ్వ పొయ్యిలో పడేసింది. కమురు వాసన ఇంట్లోంచి పోవడానికి చాలాసేపు పట్టింది. టూ-ఇన్-వన్ కొత్త వదిన అర్రలోకి చేరి భజనలు పాడింది. గోదావరి అవతలివాళ్ళకు కబురు అందగానే పెద్దమనుషులను కూర్చోబెట్టి, "పిల్లకు పిచ్చని మాకు జెప్పక ఇచ్చిండ్రు" అని తెగతెంపులు చేసుకున్నారు. అక్క వీపు మీది వాతలు కూడా ఆమె పిచ్చి ఖాతాలోకే పోయాయి. తన గోళ్ళతో తానే గీరుకుందట.

హమీదక్క తమ్ముడు ఆదిలాబాద్ దిక్కున జైనూర్ అంగట్లో బట్టలమ్మేవాడు. అక్కడి ఆడపిల్లల హాస్టల్లో వంటకు మనిషి కావాలని అతను చెబితే, హమీదక్కే అక్కను బస్సెక్కించి తీసుకెళ్ళి దింపి వచ్చింది. అడ్డుపడడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు లేదు. కొంచెం ఊపిరి పీల్చుకున్నారని కూడా రాయాలి. హాస్టల్లో మొదటిరోజే ఆమె ముందు కత్తిపీట, కూరగాయల గుట్ట పెట్టారట. ఎవరూ ఏమీ అడగలేదట. అది చెబుతూ అక్క ఒకసారి ఏడ్చింది. కొండ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు వండిపెట్టి, వాళ్ళ జుట్లు దువ్వి, రాజాబాయి అనిపించుకుని అక్కడే ముసలిదైంది. అవ్వ పోయినప్పుడు, బాపు పోయినప్పుడు వచ్చింది. దినాలు కాగానే వెళ్ళిపోయింది.

నవీన్ స్నేహితులు ఆ రోజు హాల్లో ఏం చేశారో మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. రికార్డు రెండో వైపుకు తిప్పి, గిటారు లేవగానే ఇద్దరు కళ్ళు మూసుకుని తల ఊపారు. ఒక పిల్ల జుట్టు విప్పుకుని సోఫాకు జారగిలి వేళ్ళు ఆడించింది. వాళ్ళు చేస్తే దాన్ని అభిరుచి అంటారు. సంతోషమే, వాళ్ళనెవరూ ఏ కొండకూ తీసుకెళ్ళరు. అప్పుడు మా అర్రలో అదే పాటకు అదే పని చేసిన మనిషికి అది గాలి, దయ్యం, పిచ్చి. ఇప్పుడు మా అన్న నోట అది సరదా కథ. గాలి అన్నదీ తనే, ఇప్పుడు సరదా అంటున్నదీ తనే. రెండుసార్లూ ఆమె తరఫున తనే మాట్లాడాడు. కాలం మారిందని మా ఈడువాళ్ళు అంటుంటారు. చెప్పే కథ మారింది, నేను చూసినంతలో చెప్పే మనిషి మారలేదు.

పోయిన ఆదివారం జైనూర్ వెళ్ళాను. అక్క రేకుల ఇంటి ముందు కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. పీట వేసుకుని పక్కన కూర్చుని, "అన్న ఇంట్లె పంకా పాటలు విన్న అక్కా" అన్నాను.

"అవ్వ కాలవెట్టింది గద?"

"నవీన్ కొత్తది కొన్నడు." జరిగిందంతా చెప్పాను. అన్న తల ఊపి చూపించింది కూడా దాచలేదు.

"నవ్విండ్రా?"

"నవ్విండ్రు."

"నన్ను యాడికి తోలిండ్రో చెప్పిండా?"

"చెప్పలే."

ఆమె రొట్టె తిప్పింది. ఫోన్లో ఉంది, పెట్టనా అని అడిగితే, పెట్టు అంది. మొదటి పాట పూర్తిగా విన్నది. రెండోది మొదలవుతుంటే పిండి చెయ్యి ఎత్తి, "చాలు, బంద్ జెయ్" అంది.

"మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. ఎన్నడు మంచిగనే ఉండె. నాకే, గది వింటుంటె ఎనుక తలుపుల ఎవలో వచ్చి నిలవడ్డట్టు అనిపిస్తది." తర్వాతి రొట్టె చరిచి పెనం మీద వేశాక మళ్ళీ అంది: "అన్నకు జెప్పు. నా ముచ్చట నలుగుట్ల జెప్పి నవ్వియ్యద్దని. చెప్తె మొత్తం జెప్పుమను, లేకపోతె నా పేరు ఎత్తద్దను."

ఇంటికి వచ్చి అన్నకు ఫోన్ చేశాను. అక్క అన్న మాటలు అన్నట్టే చెప్పాను, ఒక్కటీ తగ్గించలేదు. అవతల టీవీ చప్పుడు తగ్గించాడు. బాధపడుతున్నాడేమో అనుకున్నాను. ఈ వయసులోనైనా ఒక్క మాట అంటాడేమోనని చెవి ఆనించి నిలబడ్డాను.

"నేనేం తిట్టిన్నా సుజాతా? ముద్దుగ చెప్పిన" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నిజంగానే ఆరా తీస్తున్నట్టు అడిగాడు: "గన్నేండ్ల ముచ్చట ఇంక పట్టుకోనే ఉన్నదా? దానికి గా గాలి ఇంక తక్వ గాలేదా?"